అత్తరు కింద వాసన

నాకు అసహ్యం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పాలలో మీగడ తరక నోటికి తగిలితే ఆ పూటకి అన్నం సహించదు. టెంపోలో పక్కవాళ్ళ చెమట అంటుకుంటే ఇంటికొచ్చి మోచెయ్యి సబ్బుపెట్టి తోముకుంటాను. అలాంటిదాన్ని పన్నెండేళ్ళపాటు భిలాయిలో స్టీల్ ప్లాంటు ఆసుపత్రి లాబులో, మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పల్చగా కోసి గాజుపలకల మీద అతికించే పని చేశాను. కోటి విద్యలూ కూటి కొరకే అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయితే ఇది నా గోడు కాదు. నాకంటే అసహ్యం ఎక్కువున్న ఒకావిడ అదే లాబులో నా పక్కనే పనిచేసేది. వరలక్ష్మమ్మ ఆవిడ పేరు. నేను పిన్నీ అనేదాన్ని.

సెక్టర్ 7లో కింది క్వార్టరు మాది, పై క్వార్టరు వాళ్ళది. వాళ్ళాయన గురునాథరావుగారు ప్లాంటులో టైమ్‌కీపరు. ఎనభై ఏడు చలికాలంలో ఒక ఉదయం సైకిలెక్కబోతూ గుండె పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు, అంతే. మొగుడు పోతే పెళ్ళానికి ఉద్యోగమివ్వడం అక్కడ రివాజు. అనుకంపా నౌకరీ అంటారు. దయతో ఇచ్చే ఉద్యోగమన్నమాట. ఆ దయ ఎలాంటిదంటే, పదో తరగతి తప్పిన ఆ మనిషికి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి కాగితం రాసేశారు. ఖాళీ మా లాబులో ఉంది.

ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత ఘోరమో అర్థమవుతుంది. మాంసం మాట అటుంచండి, ఆ ఇంట్లో శనివారంనాడు ఉల్లిపాయ కూడా గడప దాటేది కాదు. పుచ్చు వంకాయ తరగాల్సొస్తే పిన్ని కళ్ళు మూసుకుని కత్తిపీట దగ్గర్నుంచి లేచిపోయేది. మొదటిరోజు డ్యూటీకి వచ్చి లాబు తలుపు తీసేసరికి ఎదురుగా ఒక ప్లాస్టిక్ బకెట్. అందులో షుగరు జబ్బుతో కుళ్ళిపోయి, మోకాలి దగ్గర తీసేసిన కాలు. గోళ్ళకి గోరింటాకు కూడా ఉంది. పిన్ని ఆ గోరింటాకు చూసి, బకెట్ పక్కనే, తనని పరిచయం చెయ్యడానికి తెచ్చిన క్లర్కు చెప్పుల మీద వాంతి చేసుకుంది. నాకు నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు. ఇప్పుడిది కూడా నేనే కడగాలా అని మాత్రం అనిపించింది. నిజం చెప్పాలి కదా.

ఆవిడ పని సీసాల్లో ఫార్మలిన్ నింపడం, వచ్చిన ముక్కలకి చీటీలు కట్టడం, డాక్టరుగారు కోస్తుంటే పక్కన నిలబడి అందించడం. ఫార్మలిన్ అంటే ఒంట్లోంచి తీసిన ముక్క కుళ్ళకుండా పోసే మందు. ముక్కకి పదిరెట్లు మందు పొయ్యాలి. అది పైనుంచి లోపలికి మెల్లగా ఇంకుతుంది, గంటకి బియ్యపుగింజ మందమైనా ఇంకదు. ఇంకినంత మేర ముక్క ఉడికిన గుడ్డులా గట్టిపడి, కుళ్ళు ఆగిపోతుంది. ఇంకనిచోట మామూలుగా కుళ్ళుతుంది. ఇక దాని వాసన సంగతి. అది వాసన కాదు, దెబ్బ. ముక్కులో సూదులు గుచ్చి, కళ్ళలో కారం చల్లి, గొంతులోకి దిగి కూర్చుంటుంది. చీరకి పడుతుంది, జడకి పడుతుంది, పెరుగన్నంలోకి కూడా వస్తుంది. పిన్ని వేళ్ళ చివర్లు రెండేళ్ళకే మొద్దుబారి, తోలులా ముడతలుపడ్డాయి.

ఇంట్లో మాత్రం ఆసుపత్రి స్టోర్లో సీసాలు చూసుకునే పని అని చెప్పింది. అబద్ధం కాదు, నిజంలో సగం. నా చేత ఒట్టు వేయించుకుంది.

"రేఖా, మా అత్తకి ఈ సంగతి తెలిస్తే నన్ను గుమ్మంలో కూడా నిలబడనివ్వదే. ఇప్పుడే అన్నం గిన్ని ముట్టుకోనీదు. ఆసుపత్రి చెయ్యంటాది" అంది.

అత్తగారు కనకరత్నంగారు. మాకు మామ్మగారు. ఆవిడ ముక్కు గురించి మా బ్లాకులో కథలు చెప్పుకునేవాళ్ళు. మూడో క్వార్టరులో ఎండుచేపలు వేయిస్తే తన వంటింట్లో కూర్చుని అవి ఏ చేపలో చెప్పగలదు. తినని మనిషికి ఆ తేడాలు ఎలా తెలుసని ఎవరూ అడిగే ధైర్యం చెయ్యలేదు. అలాంటి ముక్కున్న ఇంటికి రోజూ ఫార్మలిన్ ఒంటినిండా పట్టించుకుని వెళ్ళాలి. అందుకే పిన్ని అత్తరు మొదలుపెట్టింది.

మొదట గులాబీ అత్తరు కొంది. డ్యూటీ దిగుతూ మెడకీ మణికట్టుకీ రాసుకునేది. ఇల్లు చేరేలోపల గులాబీ ఎగిరిపోయేది, కింద ఫార్మలిన్ చెక్కుచెదరకుండా ఉండేది. తర్వాత మల్లె, తర్వాత మొగలి. అన్నీ అంతే. చివరికి దుర్గ్ స్టేషను రోడ్డులో ఒక ముసలి అత్తరు చాచా దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళింది. ఆయన విని, గడ్డం దువ్వుకుని అన్నాడు.

"గులాబ్ తో ఉడ్ జాతా హై, బేటీ. ఉసే పకడ్‌నే వాలా చాహియే."

పువ్వు వాసన ఎగిరిపోయేదే, దాన్ని పట్టి ఉంచేది ఒకటి కింద ఉండాలన్నాడు. గంధం నూనె చూపించాడు, సాంబ్రాణి బంక చూపించాడు. ఇవి కాసేపు పడతాయన్నాడు. తర్వాత లోపలినుంచి ఒక కొమ్ము డబ్బీ తెచ్చి మూత తీశాడు. అందులో పాచిపోయిన వెన్నలాంటిది ఉంది. పిన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి వెనక్కి తూలింది.

"ఇదేటి బాబూ! పియ్యి వాసనొస్తంది!"

చాచాకి తెలుగు రాదుగానీ ఆ మాట ఏ భాషలోనైనా తెలుస్తుంది. పకపకా నవ్వాడు. అది పునుగు. పునుగుపిల్లి తోక కింద ఉండే సంచిలోంచి గీకి తీస్తారట. ముద్దగా ఉంటే రోత, సూదిమొనంత గంధం నూనెలో కలిపితే దానిమీద వేసిన గులాబీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా కదలదట. ఇంకో రకం తిమింగిలం పేగుల్లో పుడుతుందనీ, అది రాజులకే గానీ మనకందదనీ చెప్పాడు. పిన్ని దుకాణం మెట్లు దిగి కాలవలో వాంతి చేసుకుంది. నేనూ చేసుకున్నాను, తోడు వెళ్ళినందుకు. తర్వాత ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని మళ్ళీ మెట్లెక్కింది.

"మనుషుల పేగులే పట్టుకుంటన్నాను. పిల్లి తోకకేటి? కలిపీమను" అంది.

అలా పిన్నికని ఒక అత్తరు తయారైంది. గులాబీ, కొంచెం వట్టివేరు, గంధం నూనె, అడుగున పునుగు. భిలాయి మొత్తం మీద అలాంటిది ఇంకొకరి దగ్గర లేదు. ఆరు గంటలకి రాసుకుంటే మర్నాడు పొద్దున జాకెట్టుకి ఇంకా ఉండేది. దాన్ని చీల్చుకుని ఫార్మలిన్ బయటికి రాలేకపోయేది. నాకు మాత్రం రెండూ కలిసి వస్తున్నట్టే ఉండేది, ఒకదాని మీద ఇంకొకటి. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా అత్తరు కొట్టుకుని పక్కనుంచి వెళితే, కింద ఏం దాచారా అనిపిస్తుంది.

ఇందులో నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. మామ్మగారి దేవుడి గూట్లో చిన్న వెండి భరిణెలో పునుగే ఉండేది. ప్రతి శుక్రవారం కళ్ళకద్దుకుని దేవుడి పటానికి రాసేవారు. పిల్లి తోక కిందది దేవుడి నుదుటికి పనికొస్తుంది, కోడలి చెయ్యి మాత్రం అన్నం గిన్నెకి పనికిరాదు.

ఇక మా బ్లాకు ఆడవాళ్ళు. మొగుడు పోయిన మనిషి, బొట్టు లేదు, పూలు లేవు, అత్తరు మాత్రం వీధి చివరిదాకా. నోళ్ళు ఊరుకుంటాయా? రెండో క్వార్టరు ఇంద్రాణిగారింట్లో శ్రావణ శుక్రవారం పేరంటం జరిగింది. పిన్నిని పిలవలేదు, పిలవరు కదా. ఇంద్రాణిగారు వెండి పన్నీరుబుడ్డి పట్టుకుని అందరిమీదా చిలకరిస్తూ అంది:

"ఎవలికోసం పూసుకుంటందో ఆ అత్తరు. డ్యూటీ దిగినాకే పూసుకుంటాది, చూసేరా? ఎక్కేముందు గాదు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా జ్ఞాపకముంది, శనగలు నములుతూ నవ్విన నవ్వు. నా నోటిదాకా మాట వచ్చింది. ఆవిడ పని ఏమిటో, ఆ అత్తరు దేనికో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఒట్టు ఉంది కదా అని ఊరుకున్నాను. ఒట్టు ఒక వంక. వాళ్ళ మధ్య నేనూ వెలి కావడం ఇష్టంలేక ఊరుకున్నాను. తాంబూలం తీసుకుని వచ్చేశాను. ఆ కాలపు మనుషులందరి మీదా నాకు అసహ్యమే, అందులో నా మీద కూడా.

మామ్మగారి చెవినపడకుండా ఉంటుందా? పడింది. ఆవిడ కోడల్ని ఒక్క మాట అనలేదు. కోడలు ఇంట్లోకి రాగానే లేచి కిటికీ తెరిచేవారు, అంతే. రోజూ. ఏడేళ్ళు. తిట్టినా బాగుండేదని పిన్ని నాతో చాలాసార్లు అంది.

తొంభై నాలుగు మే నెల. పిన్ని తండ్రి తద్దినానికి పార్వతీపురం వెళ్ళింది. పుట్టింట్లో దాచాల్సింది ఏమీ లేదు కాబట్టి అత్తరు సీసా బీరువాలోనే వదిలేసింది. గురువారం వెళ్ళి సోమవారం పొద్దున్న దుర్గ్‌లో రైలు దిగి, ఇంటికి పోకుండా తిన్నగా డ్యూటీకి వచ్చింది. ఆ రోజు గాడ్పు పొద్దున ఎనిమిదింటికే మొదలైంది. లాబు కిటికీకి పెట్టిన కూలరు నీళ్ళు అయిపోయి వేడిగాలే విసురుతోంది. శనివారం మధ్యాహ్నం లాబు మూస్తే మళ్ళీ సోమవారమే. బయటి నర్సింగ్‌హోముల నుంచి వచ్చిన సీసాలు గుమాస్తా వరసగా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. పిన్ని ఒక్కొక్కటీ మూత తీసి, మందు సరిపోయిందో లేదో చూస్తోంది.

నాలుగో సీసా మూత తీసి ఆగిపోయింది.

నేను రెండు బారల దూరంలో ఉన్నాను, నాకూ తగిలింది. ముందు గులాబీ. గులాబీ వెనక వట్టివేరు. వాటి కింద, చెప్పడానికి నోరు రావడంలేదు, ఎండలో రెండ్రోజులు పడున్న కుక్క శవం వాసన. రెండూ కలిసి, తియ్యగా, ముద్దగా, నాలుక మీదికి వచ్చింది. నేను చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాను. పిన్ని మాత్రం సీసా ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఇంకోసారి పీల్చింది.

"రేఖా, ఇది నా అత్తరు" అంది.

"ఏమిటి పిన్నీ?"

"నా అత్తరేనే. ఇది నా ఇంట్లోంచి వొచ్చింది."

చీటీ చూడకముందే ఆవిడకి తెలిసిపోయింది. తర్వాత చీటీ తిప్పితే ఇలా ఉంది: కనకరత్నం, అరవై ఐదేళ్ళు, కుడి రొమ్ములో గడ్డ. పిన్ని సీసా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుండిపోయింది.

సీసాలో ఫార్మలిన్ చుక్క లేదు. పన్నీరు నిండా ఉంది, పైన నూనె తెట్టు తేలుతోంది. నిమ్మకాయంత గడ్డ, పైన బూడిదరంగు, ఒకచోట పగిలి లోపలినుంచి చీములాంటిది కారుతోంది. అత్తరు వాసనని పట్టి ఉంచుతుందిగానీ మాంసాన్ని పట్టి ఉంచదు. ఆ సంగతి లాబులో మాకు తెలుసు, ఇంట్లో వాళ్ళకి ఎవరు చెప్పారు?

మా డాక్టరుగారు రాయపూర్ ఆయన. ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి, ఫోర్సెప్సుతో గడ్డని ఒకసారి పైకెత్తి చూసి వదిలేశారు.

"సడ్ గయా. ఫేంకో ఇసే. రిపోర్టులో పరీక్షకి పనికిరాదని రాసేద్దాం." కుళ్ళిపోయింది, పారెయ్యమని.

పనికిరాదని రాస్తే ఏమవుతుందో నాకూ తెలుసు, పిన్నికీ తెలుసు. గడ్డ మొత్తం తీసేశారు, మళ్ళీ ముక్క తియ్యడానికి లోపల ఏమీ మిగల్లేదు. రిపోర్టు లేకుండా ఏ సర్జనూ రొమ్ము తియ్యడు. మళ్ళీ గడ్డ లేచేదాకా ఆగమంటారు. అది చెడ్డ జబ్బే అయితే, మళ్ళీ లేచేసరికి మామ్మగారి ప్రాణం చేతిలో ఉండదు. ఆ కుళ్ళిన ముద్ద ఒక్కటే సాక్ష్యం.

పిన్ని లేచింది. గడ్డని పళ్ళెంలో పెట్టి, మొద్దుబారిన వేళ్ళతో చుట్టూ నొక్కి చూసింది.

"సార్, ఊపర్ సఖ్త్ హై. దేఖియే" అంది. తర్వాత నాతో అంది, "రేఖా, శనివారం మజ్జానం తీసేరని చీటీలో ఉంది. కొన్ని గంటలైనా మందులో ఉండుంటాదే ఇది. తర్వాతే ఎవలో మందు ఒంపీసేరు. పైన గట్టిపడ్డాది చూడు. గట్టిపడ్డ మేర కుళ్ళదు కదా."

డాక్టరుగారు పిన్ని మొహం చూశారు, చీటీ చూశారు, ఏమనుకున్నారో, సరే నువ్వే కోసి తియ్యమని పక్కకి తప్పుకున్నారు.

ఆ గంట నేను మర్చిపోవాలని చాలా ప్రయత్నించాను. పిన్ని నారింజ తొక్క తీసినట్టు గడ్డ పైపొరని చుట్టూ చిన్న చిన్న ముక్కలుగా కోసింది. ప్రతి ముక్కా ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చేది. తియ్యగా కుళ్ళు కొడితే ఎడంపక్క పళ్ళెంలో పడేసేది. ఏ మూలో ఫార్మలిన్ సూదిలా గుచ్చితే, కళ్ళు చెమరిస్తే, ఆ ముక్క కుడిపక్క. ఏ వాసనకి భయపడి ఏడేళ్ళు ఒంటికి పిల్లి మురికి పూసుకుందో, ఆ వాసన కోసం అత్తగారి కుళ్ళిన మాంసంలో వెతుక్కుంది. రెండుసార్లు వెళ్ళి సింకులో వాంతి చేసుకుని వచ్చింది. వచ్చి మళ్ళీ కూర్చుంది. నేను పక్కన నిలబడి డబ్బీలు అందించాను, ఊపిరి నోటితో తీసుకుంటూ. చివరికి కుడిపక్క ఐదు ముక్కలు మిగిలాయి, పెసరగింజంత, శనగగింజంత. వాటిని కొత్త ఫార్మలిన్‌లో వేసి, పదిరెట్లు కాదు, ఇరవై రెట్లు మందు పోసింది.

ఆ సాయంత్రం పిన్ని అత్తరు లేకుండానే ఇంటికెళ్ళింది. నన్నూ రమ్మంది. మామ్మగారు మంచంమీద గోడకి ఆనుకుని కూర్చున్నారు, చెంగు కింద కట్టు తెలుస్తోంది. మరిది సూర్యప్రకాష్ గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన కుర్రాడు, తెలుగు సగం, హిందీ సగం.

"వదినా, అమ్మే మనా చేసింది నీకు చెప్పొద్దని. నువ్వు ఊరెళ్ళిన టైమ్ చూసి ఆపరేషన్ పెట్టించింది. లాబు బంద్ అయిపోయింది, సోమవారం అక్కడ ఇమ్మని సీసా మా చేతికిచ్చారు. మూత తియ్యొద్దని దీదీ చెప్పింది, నేను అమ్మకి బోలా కూడా" అన్నాడు. దీదీ అంటే ఆ నర్సింగ్‌హోము నర్సు.

పిన్ని అతన్ని పట్టించుకోలేదు. మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. మామ్మగారు కిటికీ వైపు చెయ్యి చాపారు అలవాటుగా, మళ్ళీ దించేశారు.

"అత్తా, సీసాలో మందు ఎందుకు ఒంపీసేవు?"

మామ్మగారు చెంగు సర్దుకున్నారు. తర్వాత చాలా మామూలుగా చెప్పారు.

"నా ఒంట్లోది కదా, ఎలగుందో చూద్దామని మూత తీసేనే. గుప్పున కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. ఏడేళ్ళగా ఈ ఇంట్లో ఉందది, నీ అత్తరు కింద. రోజూ వొస్తంది, ఏటో తెలీదు. ఆ సీసా మూత తీసినప్పుడు తెలిసింది, నువ్వక్కడ ఏటి చేస్తన్నావో."

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అత్తరు ఎవలికోసమోనని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. శనివారం నాడు తెలిసింది ఎందుకో. మరి ఏడేళ్ళు ఆ కంపుకి నువ్వు ఆ అత్తరే మందుగా వాడేవు కదా, మంచిదయ్యుంటాదనుకున్నాను. సాయంత్రం దాకా చూసి, ఆ నీళ్ళు తూములో ఒంపీసి, ముక్కని కడిగి, పన్నీరు పోసి, నీ అత్తరు వేసేను. ఆదివారం వాసన మారింది. ఇంకో నాలుగు చుక్కలు వేసేను, నువ్వు మళ్ళీ రాసుకుంటావు కదా, అలగే."

తిడదామనే నేను వచ్చాను. ఎంత తెలివితక్కువ పనో అంత లెక్కగా చేశారు. కోడల్ని మొదటిసారి నమ్మిన రోజున చేసిన పని అది. ఆ నమ్మకమే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

"అంతా కుళ్ళిపోనాది అత్తా" అంది పిన్ని. "ఐదు పలుకులు బాగున్నాయి. సాయంత్రం దాకా మందులో ఉంచేవు కాబట్టి ఆ ఐదైనా మిగిలేయి. నేనే కోసేను."

మామ్మగారి మొహం వికారంగా చిట్లింది. "నీ చేత్తోనా?"

"నా చేత్తోనే."

బుధవారం డాక్టరుగారు సూక్ష్మదర్శినిలో చూశారు. ఐదింటిలో మూడు పనికొచ్చాయి, మూడింటిలోనూ క్యాన్సరు. రెండు వారాల్లో మా ఆసుపత్రిలోనే రొమ్ము తీసేశారు. అది కూడా బకెట్‌లో మా లాబుకే వచ్చింది. ఇంకెవరూ ముట్టుకోకుండా పిన్నే ఫార్మలిన్ పోసి, చీటీ కట్టింది. ఆ చీటీ మీద చేతిరాత వంకర పోయింది, అంతే.

మామ్మగారు ఇంటికొచ్చిన నాలుగో రోజున పిన్ని డ్యూటీ దిగి, పాత అలవాటు ప్రకారం అత్తరు రాసుకుని వెళ్ళింది. గడప దాటీదాటకముందే మంచంమీంచి ఓకరింత వినపడిందట. పిన్ని పరిగెత్తితే, మామ్మగారు తువ్వాలు నోటికి అడ్డంపెట్టుకుని చెయ్యి ఊపుతున్నారు.

"అది పూసుకుని నా దగ్గరికి రాకే. ఆదివారం సీసా మూత తీసినప్పట్నుంచి ఆ గులాబీ నాకు నా కుళ్ళే. కడిగీసుకుని రా. నీ ఆసుపత్రి కంపే నయం."

పిన్ని ఆ సీసాని బాత్రూము తూములో ఒంపేసింది. చాచా అబద్ధం చెప్పలేదు. నెల్లాళ్ళు ఆ తూము ఘుమఘుమలాడింది, మామ్మగారు ఆ నెల్లాళ్ళూ ముక్కుకి గుడ్డ కట్టుకుని స్నానం చేశారు. కుడిచెయ్యి పైకి లేవక గరిట పట్టలేకపోయేవారు. అన్నం గిన్నె పిన్ని చేతికొచ్చింది. ఆ చేత్తో కలిపిన ముద్దని మామ్మగారు మొహం చిట్లించుకుని, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగేవారు. ప్రేమతో తిన్నారని నేను చెప్పను. రోత పడుతూనే తిన్నారు, రోజూ తిన్నారు.

పిన్ని అప్పట్నుంచీ ఫార్మలిన్ కంపుతోనే మెట్లెక్కేది. మా బ్లాకు ఆడవాళ్ళు ఇప్పుడు ముక్కులు మూసుకున్నారు. అత్తరుకి ఒకరకం మాట, కంపుకి ఇంకోరకం మాట. ఈసారి ఇంద్రాణిగారు ఏదో అనబోతే నేనే అడ్డుపడి, ఆ కంపు దేనిదో, ఆ లాబుకి ఏమేమి ముక్కలు వస్తాయో, రేపు తన ఒంట్లో ముక్క వచ్చినా పిన్ని చేతుల మీదికే రావాలనీ చెప్పాను. ఏడేళ్ళు ఆలస్యంగా.

మామ్మగారు ఇంకో మూడేళ్ళు బతికారు. తొంభై ఏడు డిసెంబరులో చలిజ్వరంతో పోయారు, రొమ్ములో జబ్బుతో కాదు. పిన్ని అప్పుడు డ్యూటీలో ఉంది. కబురు విని కట్టుచీరతోనే పరిగెత్తుకొచ్చి శవం పక్కన కూర్చుంది. మామ్మగారి కూతురు పార్వతీపురం నుంచి రావాలి, మర్నాటి దాకా ఐసు దిమ్మల మీద ఉంచాలి. జనం మూగారు, ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆ గదంతా ఫార్మలినే. ఎవరో గొణిగితే ఇంద్రాణిగారు ఇంటికెళ్ళి వెండి పన్నీరుబుడ్డి తెచ్చి, శవం మీద చిలకరించబోయింది. అది మర్యాదే, అందరిళ్ళల్లోనూ చేసేదే.

పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వొద్దమ్మా. మా అత్తకి ఆ వాసన పడదు" అంది.